ఎనిమిది దగ్గర ఆగని అల

పదకొండు రోజులుగా నన్ను వేధించిన అల అసలు అలే కాదని నిన్న రాత్రి తేలింది. నేను లెక్కిస్తున్నది జీవశాస్త్రవేత్త బ్రయాన్ గుడ్విన్ 1965 నాటి జన్యు నమూనా: అందులో ఎంఆర్‌ఎన్‌ఏ వల్ల ప్రోటీన్, ప్రోటీన్ వల్ల నిరోధకం పుడతాయి. ఆ నిరోధకం తిరిగి మొదటి జన్యువునే అణచివేస్తుంది. మూడింటి క్షయరేట్లూ సమానమైతే, హిల్ ఘాతాంకం (అణచివేత ఎంత నిటారుగా మొదలవుతుందో చెప్పే సంఖ్య) ఎనిమిదిని మించనిదే డోలనాలు నిలవవని గ్రిఫిత్ 1968లో చూపాడు. ఈ నమూనాను లెక్కించే నా పట్టికలో మాత్రం సరిగ్గా ఎనిమిది దగ్గరే నిరోధకం ఊగుతూనే ఉంది.

క్షయరేట్లన్నీ 1, గరిష్ఠ ఉత్పత్తి రేటు 10. స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం లిబ్రే ఆఫీస్ క్యాల్క్‌లో ఆయిలర్ పద్ధతి (కాలాన్ని చిన్న అడుగులుగా కోసి, ప్రతి అడుగునూ దాని మొదట్లోని మార్పు రేటుతోనే లెక్కించేది), అడుగు 0.1, వెయ్యి వరుసల్లో వంద కాలప్రమాణాలు ఇమిడిపోతాయన్న సౌకర్యం తప్ప ఆ 0.1కి వేరే ఆధారం లేదు. సూత్రాన్ని కిందికి నకలు చేసినా ఒకే గడిని చూపేలా ఉంచే డాలర్ గుర్తు మరచిన గడి ఉందేమోనని వరుస వరుసా గాలించాను, ప్రారంభ విలువలు మార్చాను. పైథాన్ భాషలోని గణిత లైబ్రరీ సైపైలో అదే లెక్క వేస్తే అల అణగిపోయేది కనుక తప్పు పైథాన్‌దే అనుకున్నాను. అందులో ముందే పెట్టి ఉంచే సాపేక్ష దోషపరిమితి వెయ్యోవంతు మరీ వదులని నేను ఇప్పటికీ అంటాను. కానీ దాన్ని కోటోవంతుకు బిగించినా జవాబు మారలేదు.

పర్లాకిమిడిలో మా ఇంట్లోనే ఉండి బీఎస్సీ చదువుతున్న మేనకోడలు తెర వైపు ఒకసారి చూసి, "మావయ్యా, అడుగు తగ్గించి చూశావా?" అంది. చూడలేదు.

నిరోధకం స్థిరవిలువ 1.272. దానిపైన శిఖరాల ఎత్తు మరింత కచ్చితమైన రుంగె-కుట్టా పద్ధతితో ఒక్కో ఊపుకి సుమారు 16 శాతం తగ్గుతుంది. ఆయిలర్‌తో అడుగు 0.01 అయితే తగ్గుదల 11 శాతం, 0.03 అయితే ఒకటిన్నర శాతం కూడా లేదు, 0.04కి చేరేసరికి శిఖరాలు తగ్గడం మాని పెరుగుతున్నాయి. అప్పుడు గ్రాఫ్ కాగితం వెనక సమీకరణాలను స్థిరబిందువు దగ్గర రేఖీయం చేసి చూస్తే, ఊపు పెరుగుతుందో తగ్గుతుందో చెప్పే ఐగెన్ విలువ వాస్తవ భాగం -0.044 (రుణం కనుక తగ్గుదలే), ఊగే వేగాన్ని చెప్పే కల్పిత భాగం 1.655, ఆవర్తనకాలం 3.8 వచ్చాయి. ఆయిలర్ పద్ధతి ప్రతి అడుగులోనూ స్పర్శరేఖ వెంబడి నడుస్తుంది గనుక వంపు తిరగవలసిన బిందువు కొద్దిగా బయటికి జారుతుంది, అడుగు 0.032 దాటితే ఆ జారుడు సహజ క్షీణతను మించిపోతుంది. నేను వేసినది దానికి మూడింతలు.

ఘాతాంకం 10 దగ్గర డోలనాలు వెంటనే నిలిచాయి. 9 దగ్గర నిలవలేదు: ఘాతాంకం ఒక్కటే చాలదు, స్థిరబిందువు వద్ద అణచివేత వాలు (నిరోధకం పెరిగేకొద్దీ ఉత్పత్తి పడిపోయే రేటు) 8 దాటాలి, అది 7.88 దగ్గరే ఆగింది. ఉత్పత్తి రేటును 20కి పెంచితే వాలు 8.4కు చేరుతుంది కనుక ఈ రాత్రి పని అదే. తరువాత ఎలోవిట్జ్, లీబ్లర్‌లు 2000లో ప్రకటించిన మూడు జన్యువుల రిప్రెసిలేటర్ (ఒక్కోటీ తరువాతిదాన్ని అణచివేసే వలయం) మొదలుపెడతాను. మూడూ సమాన విలువలతో మొదలైతే అవి కలిసే కదిలి డోలనం పుట్టదు గనుక, ఒక ప్రోటీన్‌ను ముందే కాస్త ఎక్కువగా ఉంచుతాను.