పొయ్యి ముట్టించని ఆదివారం

సోమవారం పొద్దున రాస్తున్నాను. రాత్రే రాద్దామని పుస్తకం తెరిచి రెండు లైన్లు కూడా పడకముందే నిద్రపోయాను. వంట చేయని రోజు ఇంత అలసిపోవడం నాకు ఇదే మొదటిసారి.

సంగతేమంటే, మా ఆయన డిగ్రీ స్నేహితులు, వాళ్ల ఇళ్లల్లో వాళ్లు కలిపి 14 మంది నిన్న సాయంత్రం మా మిద్దె మీద కూర్చుంటామన్నారు. శుక్రవారం చెప్పి ఆదివారం దిగే రకం వీళ్లంతా. బిర్యానీ వన్ టౌన్ వైపు ఒక హోటల్‌కు చెప్పేశాం, దాని గోల లేదు. ముందు పెట్టే స్టార్టర్స్ మాత్రం ఇంట్లో చేస్తానని నేనే నోరు జారాను. తీరా శనివారం పొద్దున తొమ్మిదికే వంటగది గోడ మీద చెయ్యి పెడితే కాలుతోంది. కర్నూల్లో మే నెల గురించి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. ఆ వంటగదిలో బాణలి ముందు నిలబడి రెండు కిలోల చికెన్ పకోడి వేస్తే దాంతో పాటు నేనూ వేగిపోతా.

బెంగళూరులో ఉండే మా చెల్లెలికి ఫోన్ చేసి ఏడిస్తే అది నవ్వింది. "అక్కా, పొయ్యే వద్దు. సలామీ, చీజ్, ద్రాక్షపండు, ఒక టూత్‌పిక్. కోసి గుచ్చడమే, ఐదు నిమిషాల పని" అంది. ఆ ఐదు నిమిషాల లెక్క తర్వాత తేలుస్తాను.

సాయంత్రం ఎండ తగ్గాక సూపర్‌మార్కెట్‌కు వెళ్లాను. సలామీ పేరు వినడమే గానీ ఎప్పుడూ కొనలేదు, కాబట్టి ఫ్రీజర్ ముందు నిలబడి ప్రతి ప్యాకెట్ వెనక ఉన్న చిన్న అక్షరాలన్నీ చదివాను, షాపు అబ్బాయి రెండుసార్లు వచ్చి "ఏం కావాలి మేడమ్" అన్నాడు. అసలు సలామీ ఇటలీది, పంది మాంసంతో చేస్తారు, ఉప్పు పట్టించి పులియబెట్టి వారాలు, నెలలు వేలాడదీసి ఆరబెడతారు, దానికి నిప్పే తగలదు. మన దగ్గర దొరికే చికెన్ సలామీ అది కాదు, ఫ్యాక్టరీలోనే ఉడికించి చక్రాల్లా కోసి ప్యాక్ చేసింది, అందుకే నేరుగా తినొచ్చు. దాని పక్కనే ఉండే నగ్గెట్స్, కబాబ్‌లు మాత్రం చూడటానికి వేయించినట్టే ఉన్నా, వండుకుని తినమనే రాసి ఉంది. వచ్చేవాళ్లలో ముగ్గురు ముస్లింలు ఉన్నారు కాబట్టి చికెనే అని, హలాల్ గుర్తు ఉందని రెండుసార్లు చూసుకుని మూడు ప్యాకెట్లు తీసుకున్నా. చీజ్ క్యూబుల డబ్బాలు రెండు, చీజ్ స్లైసులు ఒకటి. ఆలివ్‌ల సీసా ధర చూసి మళ్లీ అక్కడే పెట్టేశా. దాని పక్కన గెర్కిన్ అని వేలెడు కీరకాయల పచ్చడి సీసా ఉంది, మన పక్క కర్ణాటకలో పండించి విదేశాలకు పంపేవే అవి, మళ్లీ మనకే ఆ రేటుకు. అదీ పెట్టేశా. అయినా బిల్లు 1400 దాటింది. ఆ డబ్బుతో మటన్ వచ్చేది అని మా ఆయన అన్నాడు, ఎవరు వండుతారని అడిగితే ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

సలామీని రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి, నిదానంగా మెత్తబడుతుంది. బయట గట్టు మీద పెట్టి కరిగిస్తే మన వేడికి పైన చెడిపోతుంది, లోపల ఇంకా రాయిలా ఉంటుంది. అర లీటరు గట్టి పెరుగు కూడా గుడ్డలో కట్టి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లోనే వదిలేశాను.

ఆదివారం సి క్యాంపు రైతు బజార్‌లో కీర దోసకాయలు, సీజన్ అయిపోవస్తున్న నల్ల ద్రాక్ష, సగం పండిన బంగినపల్లి కాయలు నాలుగు తెచ్చా. మూడున్నరకు పని మొదలుపెట్టా. చీజ్ చల్లగా ఉన్నప్పుడే కోయాలి, ఐదు నిమిషాలు బయట ఉంటే చాకుకు అంటుకుని సాగుతుంది. చాకును వేడినీళ్లలో ముంచి తుడిచి కోస్తే నున్నగా తెగుతుంది, ఇది నేను పదో క్యూబు పాడుచేశాక చెల్లెలు చెప్పింది. డబ్బాకు 8 క్యూబులు, ఒక్కోదాన్ని నాలుగు చేస్తే రెండు డబ్బాలకు 64 ముక్కలు రావాలి. నాకు 50కి కాస్త పైన వచ్చాయి, మిగిలింది పొడి. మా అత్త పక్కన పీట మీద కూర్చుని చూస్తూనే ఉంది.

"ఇదేందిమ్మే, సబ్బు కోసినట్టు కోస్తుండావు?"

"చీజ్ అత్తా. పాలతోనే చేస్తారు."

సలామీ ప్యాకెట్ తెరిచాక వాసన చూసి మొహం అటు తిప్పుకుంది. "సల్లగా, వాసన లేకుండా ఉండేది మాంసమెట్లయితాది?"

ఇక్కడ నాకు కోపం వచ్చింది. ఎందుకంటే ఈ మాటంటున్న మనిషిది ఆలూరు పక్క పల్లె. వాళ్ల ఊళ్లో దేవర, అంటే అమ్మవారి జాతర, చేసినప్పుడు ఇంటికో పొట్టేలు తెగేదంట, ఫ్రిజ్‌లు లేని రోజులు, మిగిలిన మాంసాన్ని సన్నగా కోసి ఉప్పూ పసుపూ కారం పట్టించి, దారానికి గుచ్చి మిద్దె మీద ఎండబెట్టేవాళ్లంట. ఎండు తునకల కథ ఆమె నాకు వందసార్లు చెప్పింది. ఉప్పు నీళ్లు లాగేస్తుంది, నీళ్లు లేకపోతే పురుగు బతకదు, ఇటలీ వాళ్లు చేసిందీ అదే కదా అత్తా అన్నాను. "మేం కాల్చుకుని తినేటోళ్లం, గాలికి ఆరింది గాలికే తినలేదు" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

కాసేపాగి చిన్నగా అంది. "ఇంట్లో ఎవరన్నా పోయినప్పుడే పొయ్యి ముట్టియ్యరు. నలుగురొచ్చే పూట అదేం పనిమ్మే?"

చాకు పక్కన పెట్టి ఆమె వైపు చూశాను. ఇంత సేపూ రుచి గురించి, వాసన గురించి వాదిస్తోందనుకున్నాను. ఏం చెప్పాలో తోచలేదు, ఫ్యాన్ స్పీడు పెంచి మళ్లీ పనిలో పడ్డాను.

పని గురించి. సలామీ చక్రాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి, చీజ్ ముక్క, ద్రాక్ష, పుల్ల. వినడానికి ఏముంది, ముప్పై తర్వాత వేళ్లు మొద్దుబారతాయి. చీజ్ స్లైసు మీద కట్టిన పెరుగులో మిరియాల పొడి, ఉప్పు, దంచిన వెల్లుల్లి కలిపి పూసి, సలామీ పరిచి, చాపలా చుట్టి అరగంట ఫ్రిజ్‌లో పెట్టి అంగుళం ముక్కలుగా కోశాను, ఇవి చూడటానికి బాగుంటాయి, కోసేటప్పుడు ఫ్రిజ్ నుంచి ఒక్కోటే తీయాలి. శాకాహారులు ఇద్దరున్నారు కాబట్టి వాళ్లకు కీర చక్రాల మీద అదే పెరుగు, పైన పుదీనా ఆకు, వేరే చాకు, వేరే పళ్లెం. మధ్యలో టూత్‌పిక్‌లు అయిపోయాయి. అత్త లేచి వెళ్లి విస్తరాకులు కుట్టే పుల్లల కట్ట తెచ్చి, కడిగి, తుడిచి, ఒక్కోదాన్ని రెండుగా విరిచి ఇచ్చింది, ఏమీ అనకుండా. ఉప్పు బిస్కెట్ల మీద పెట్టేవి మాత్రం వాళ్లొచ్చాకే పెట్టాలి, ముందే పెడితే మెత్తబడి చేతిలోనే విరుగుతాయి. అంతా అయ్యేసరికి ఆరుంబావు. ఐదు నిమిషాలంట!

సంజె దీపం పెట్టాక అత్త వంటగదిలోకి పోయింది. పొయ్యి ముట్టించి చిన్న గిన్నెలో పాలు పెట్టింది. ఎవరికత్తా అంటే, "ఎవరికో ఒకరికి" అంది.

ఏడున్నరకు అందరూ వచ్చారు, ఎనిమిదికి కరెంటు పోయింది. రాత్రయినా మిద్దె నుంచి సెగ వస్తూనే ఉంది. మాంసం, చీజ్ లాంటివి మామూలుగా రెండు గంటలు బయట ఉంచొచ్చు, 32 డిగ్రీలు దాటితే గంటకు మించి ఉంచకూడదు, నిన్న రాత్రి ఎనిమిదికి 34 చూపించింది ఫోన్‌లో. నాకు టెన్షన్. పెద్ద తాంబాళంలో ఐసు పోసి, కుల్ఫీ బండివాళ్లు చేసినట్టు రెండు గుప్పిళ్లు కల్లుప్పు చల్లి, దానిమీద స్టీలు పళ్లేలు పెట్టాను. సగం సగం పైకి తీసుకుపోవడం, మిగతాది ఫ్రిజ్‌లో, ఫ్రిజ్ తలుపు తెరవొద్దని పిల్లలకు వార్నింగ్. మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు.

మొదటి పళ్లెం తీసుకెళ్లి మధ్యలో పెట్టాను. అందరూ చూశారు, ఎవరూ ముట్టలేదు. మా ఆయన పక్కన కూర్చున్నాయన చాలా మర్యాదగా, "వదినా, బొగ్గులు ఎక్కడ పెట్టించారు, నేను కాలుస్తాలే" అన్నాడు.

పుల్లకు గుచ్చి ఉన్నాయి కదా, కాల్చడానికి తెచ్చాననుకున్నారంతా! ఇవి ఇట్లనే తినాలన్నా అని చెబితే ఒకరు తిన్నారు, తలూపారు, బాగుందనేశారు, మొహం మాత్రం ప్రసాదంలో ఉప్పు పడినట్టుంది. ద్రాక్షపండ్లు పీక్కుని తిన్నవాళ్లున్నారు, నేను చూశాను. చీజ్ చుట్టలు కాస్త నయం, వెల్లుల్లి ఉంది కదా. శాకాహారుల పళ్లేనికే గిరాకీ ఎక్కువ.

కిందికి వచ్చేసరికి అత్త చీకట్లో సెల్ లైటు పెట్టుకుని బుడ్డల (వేరుశనగ) పొడి డబ్బా మూత తీస్తోంది. పైన ఏం జరిగిందో ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. మిగిలిన చీజ్ ముక్కలు ఆ వేడికి చెమట పట్టినట్టు నూనె తేలుతున్నాయి, వాటిని పొడిలో పొర్లిస్తే ఆ చెమటకే పొడి చక్కగా అంటుకుంది. నేను మామిడికాయ చిన్నచిన్న ముక్కలు కోసి పుల్ల చివర గుచ్చాను. ఎండుకారం, ఉప్పు, పులుపు, మధ్యలో చీజ్. ఈ పళ్లెం మాత్రం నేను మెట్లు దిగేలోపే "వదినా, ఇంకున్నాయా" అని కేక వినిపించింది. లేవు. బుడ్డల పొడి పొరబోయి ఒకాయన దగ్గుతూ ఐసునీళ్లు తాగాడు, తాంబాళంలోవి, కల్లుప్పు వేసినవి. దాని గురించి వాళ్లు ఇంకో పదేళ్లు మాట్లాడుకుంటారు.

కాల్చుకుంటామన్నవాళ్ల కోసం మిగిలిన సలామీని అత్త పెనం మీద ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు వేసి వేయించి పంపింది. నేను అడగలేదు, వద్దనలేదు. తొమ్మిదికి కరెంటు వచ్చింది, బిర్యానీ తొమ్మిదింబావుకు. అప్పటికే గంట దాటిన రెండో పళ్లెంలో పదకొండు పుల్లలు మిగిలితే పారేశాను, అత్తకు చెప్పకుండా. ఇంకోసారి చేస్తే మూడు ప్యాకెట్లు అక్కర్లేదు, ఒకటిన్నర చాలు, మామిడికాయలు మాత్రం నాలుగు కాదు ఎనిమిది.

మా చెల్లెలు ఇందాక ఫోన్ చేసింది. ఎట్లా జరిగిందని అడిగితే సూపర్ అన్నాను, వివరాలు అడిగితే పని ఉందని పెట్టేశాను.

చీజ్ స్లైసులు రెండు మిగిలాయి. పొద్దున నేను వంటగదిలోకి వెళ్లేసరికి పెనం మీద జొన్నరొట్టె, దానిమీద స్లైసు కరిగి అంచుల దాకా పాకుతోంది, అత్త పక్కన నిలబడి బుడ్డల పొడి చల్లుతోంది. నన్ను చూసి, "పిల్లోనికి" అంది.

పిల్లోడు రాత్రే వాళ్ల చిన్నాన్నతో నంద్యాలకు పోయాడు.