బయానా ఖాతా: గిటార్లు చేసే వాడిగా నా అనుభవం

మొదటి ఎనిమిదేళ్లూ బయానాని నేను సంపాదన అనుకున్నాను. ఆర్డరు రాగానే సగం సొమ్ము తీసుకునేవాణ్ణి. కొంత కలపకి పోయేది, మిగతాది ఇంటి ఖర్చుల్లో కలిసిపోయేది. ఆ గిటారు వంతు వచ్చేసరికి దాని డబ్బు మిగిలేది కాదు. కొత్త బయానాతో పాత గిటారు పూర్తిచేసేవాణ్ణి. ఆర్డర్లు వస్తున్నంత కాలం ఈ గుంట కనపడదు.

2017లో కనపడింది. గిటార్లకి వాడే బ్రెజిల్ రోజ్‌వుడ్ కలప మీద 1992 నుంచే గట్టి కట్టడి ఉంది. ఆ ఏడాది జనవరి 2 నుంచి మిగతా రోజ్‌వుడ్ జాతులన్నీ కూడా సైటీస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలోకి వచ్చాయి. ఆ కలపతో చేసిన గిటారుని వేరే దేశంలో వాళ్లకి అమ్మాలంటే ఇక పర్మిట్ కావాల్సి వచ్చింది. వేరే దేశంలో ఉన్న ఒకాయన కోసం సరిగ్గా అలాంటిదొకటి నా బల్ల మీద సగంలో ఉంది. కాగితాలు వచ్చేదాకా ఆగలేనని ఆయన బయానా వెనక్కి అడిగాడు. అడగడం న్యాయమే. నా దగ్గర అందులో మూడో వంతు కూడా లేదు. (తయారైన వాయిద్యాలకు 2019 నవంబరులో సడలింపు ఇచ్చారు. నాకు జరగాల్సింది అప్పటికే జరిగిపోయింది.)

ఆ రాత్రి పుస్తకం తీసి రాసుకున్నాను: మొత్తం పదకొండు ఆర్డర్లు, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నాను, ఎంత పని మిగిలింది. పనిముట్లన్నీ అమ్మినా తీరని బాకీ.

ఆయనకి మూడు వాయిదాల్లో ఇస్తానని రాసిచ్చాను. సణుగుతూనే ఒప్పుకున్నాడు. మిగతా పదిమందికీ "త్వరలో" అనకుండా వరస, నెల చెబుతూ ఉత్తరాలు రాశాను. ఈ మొత్తంలో కష్టమైన పని అదే, రెండు రోజులు పట్టింది. ఇద్దరు మానుకున్నారు. వాళ్ల డబ్బూ వాయిదాల్లోకి చేరింది. పద్నాలుగు నెలలు కొత్త ఆర్డరు ముట్టుకోలేదు. పొద్దున రిపేర్లు: ఫ్రెట్లు సరిచేయడం, ఊడిన బ్రిడ్జి అతికించడం, పగిలిన పై పలక బాగుచేయడం. వాటికి డబ్బు చేతికి వెంటనే వస్తుంది, బయానా గొడవ లేదు. మధ్యాహ్నం నుంచి పాత బాకీల గిటార్లు.

ఇప్పుడు వరసలో పేరు రాసుకోవడానికి చిన్న మొత్తమే తీసుకుంటాను, పని మొదలయ్యేదాకా ఎప్పుడడిగినా తిరిగిచ్చేస్తాను. మిగతాది మూడు విడతలు: కలప కొనేటప్పుడు, గిటారు పెట్టె (బాడీ) అతికించి మూసినప్పుడు, గిటారు ఇచ్చేటప్పుడు. మొదటి రెండూ వేరే ఖాతాలోకి పోతాయి. ఆ దశ పని ముగిశాకే నా కూలి ఇటు వస్తుంది. కొన్న పలక వెనక పెన్సిల్‌తో వాళ్ల పేరు రాస్తాను. రేపు నాకేమైనా అయితే ఏ చెక్క ఎవరిదో ఇంట్లోవాళ్లకి తెలియాలి కదా. ఎడమచేతివాటం గిటారులాంటివి మానుకుంటే మరొకరికి అమ్మడం కష్టం కాబట్టి కలప డబ్బు తిరిగి రాదని ముందే రాయించుకుంటాను.

గడువు చెప్పేటప్పుడు పూత ఆరే కాలాన్ని విడిగా కలుపుతాను. నైట్రోసెల్యులోజ్ లాకర్ గట్టిపడి పాలిష్‌కి రావడానికి వారాలు పడుతుంది. తొందరపెడితే పూత కుంగి, కింది చెక్క ఈనెలు తేలతాయి.

ఇంటి బీమా పాలసీ కూడా చదివాను. షెడ్డులో ఉన్న పరాయివాళ్ల గిటార్లు అందులో లేవు. దానికి వేరే పాలసీ తీసుకున్నాను.

మొన్నొకాయన మొత్తం డబ్బు ముందే ఇస్తానన్నాడు. వద్దన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ నావైపు అదోలా చూసింది.