ఆ ఉత్తరం సంగతి ముందు ఎవరికి తెలియాలి?

కథాశిల్పం గురించి కొత్తగా తెలుసుకుంటున్నవాళ్లు ఎక్కువగా ఉపమ, రూపకం, ప్రతీక అంటూ పేర్లు బట్టీపట్టి, చదివే కథలో అవెక్కడున్నాయా అని వెతుక్కుంటూ పోతారు. పేర్లు తెలియడం మంచిదే. కానీ నన్నడిగితే ముందు చూడాల్సింది వేరే ఉంది: కథలో ఏ సంగతి ఎవరికి, ఎప్పుడు తెలుస్తోంది?

ఒక చిన్న కథ అనుకుందాం. తమ్ముడికి ఎక్కడో దూరంగా ఉద్యోగం వచ్చిందని ఉత్తరం వస్తుంది. వాడు వెళ్లిపోతే తను ఒంటరివాణ్ని అయిపోతానన్న భయంతో అన్న దాన్ని చింపేస్తాడు. తమ్ముడు ఎదురుచూస్తూనే ఉంటాడు. అంతే కథ.

చింపడం మొదటి పేరాలోనే చూపించామనుకోండి. గేటు చప్పుడైనప్పుడల్లా తమ్ముడు లేచి వెళ్తుంటే మన ప్రాణం ఉసూరుమంటుంది, "ఇవాళ కూడా రాలేదా?" అని అన్న మామూలుగా అడిగితే ఒళ్లు మండిపోతుంది. పాత్రకి తెలియనిది పాఠకుడికి తెలియడంలో ఉన్న బలం అది. డ్రమాటిక్ ఐరనీ అనేది దీన్నే. అదే సంగతిని చివరి వాక్యం దాకా దాచిపెడితే కొసమెరుపు అవుతుంది. బల్ల కింద బాంబు ఉన్నట్టుండి పేలితే ప్రేక్షకుడు ఉలిక్కిపడేది 15 సెకన్లే, బాంబు ఉందని వాడికి ముందే చెబితే 15 నిమిషాల సస్పెన్స్ అని సినిమా దర్శకుడు హిచ్‌కాక్ అనేవాడు. నా ఓటు కూడా ముందే చెప్పడానికే. కొసమెరుపు కథని రెండోసారి చదవాలంటే అందులో ఇంకేదో ఉండాలి.

మూడో దారి ఇంకా బాగుంటుంది. అన్నే "నేను" అంటూ కథ చెప్తాడు. "ఉత్తరమేదీ రాలేదు. వస్తే నేను ఇవ్వనా?" అంటాడు. ఎవరూ అడక్కుండానే ఆ రెండో మాట ఎందుకన్నాడు? అక్కడ మొదలవుతుంది అనుమానం. నమ్మదగని కథకుడంటే ఇతనే. ఇలా రాయడం కష్టం, ఎందుకంటే రచయిత మధ్యలో దూరి ఒక్క అబద్ధాన్ని కూడా సరిదిద్దకూడదు, అయినా నిజం పాఠకుడికి అందాలి.

ఇక ప్రతీక, అంటే ఒక మామూలు వస్తువు తనకంటే పెద్ద సంగతిని సూచించడం. చింపినప్పుడు స్టాంపు ఉన్న ముక్క ఒకటి కుర్చీ కింద పడింది, మర్నాడు గది ఊడుస్తూ తమ్ముడే దాన్ని చెత్తలోకి తోసేశాడు. అక్కడ ఆపేయాలి. "తన భవిష్యత్తునే ఊడ్చేసుకుంటున్నానని పాపం వాడికి తెలియదు" అని రాశామా, ఆ స్టాంపు ఇక దండగ. కావ్యానికి ఆత్మ ధ్వని అని 9వ శతాబ్దంలోనే సంస్కృతంలో కావ్యశాస్త్రం రాసిన ఆనందవర్ధనుడు వాదించాడు. చెప్పకుండా తెలియజేసేదే ధ్వని. ఇన్నేళ్ల తర్వాత కూడా మంచి మంచి కథలు ఇలాంటి ఒక్క అదనపు వాక్యంతో పాడైపోతుంటే చదువుతున్నప్పుడు నిజంగా బాధేస్తుంది.

ఫ్లాష్‌బ్యాక్‌కీ ఇదే లెక్క. అన్నకి ఒంటరితనం అంటే అంత భయం ఎందుకో, చిన్నప్పుడు ఎవరు వదిలేసి వెళ్లారో ముందే చెబితే ఉత్తరం చింపినప్పుడు మనం అతని పక్షానే ఉంటాం. చింపాక చెబితే, అప్పటిదాకా తిట్టుకున్న మనిషి మీదే జాలి పుడుతుంది, తిట్టుకున్న కోపం మాత్రం పూర్తిగా పోదు. నాకైతే ఆ రెండోదే కావాలి.