నల్లరేగడిలో పేవర్లు వేయించాం, కింద బేస్ ఎలా చేయించామంటే

మాది గుంటూరు దగ్గర, అంతా నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు బారుతుంది, వానొస్తే ఉబ్బుతుంది. ఇంటి ముందు కారు పెట్టుకోడానికి పేవర్లు (నేల మీద పరిచే సిమెంట్ బ్లాకులు) వేయిద్దామని మేస్త్రీని పిలిస్తే "ఏముందండీ, నేల చదును చేసి డస్ట్ పోసి పరిచేద్దాం" అన్నాడు (డస్ట్ అంటే క్రషర్ రాతి పొడి). మా వీధిలో అలా వేసినవాళ్ళకి చక్రాలు నడిచినంత మేరా గుంటలు పడి నీళ్ళు నిలుస్తున్నాయి, రోజూ చూస్తూనే ఉన్నా. అందుకే పైన బ్లాకులు నీ ఇష్టం, కింద పని మాత్రం నేను చెప్పినట్టే అని ముందే మాట్లాడేసుకున్నా.

వానలు మొదలవకముందే అడుగున్నర లోతు తవ్వించాం. అడుగున ఎనిమిదంగుళాలు ఎర్ర గ్రావెల్, దానిమీద ఆరంగుళాలు వెట్ మిక్స్ (కంకర, రాతి పొడి నీళ్ళతో కలిపింది), ఆపైన అంగుళన్నర డస్ట్, చివర్లో 60 ఎంఎం బ్లాక్. ఉత్త 40 ఎంఎం కంకర చాలదా అని మేస్త్రీ అడిగాడు గానీ దాంట్లో రాళ్ళ మధ్య సందులుంటాయి, పైన పోసిన డస్ట్ మెల్లగా వాటిల్లోకి జారిపోయి బ్లాకులు కుంగుతాయి, వెట్ మిక్స్‌లో పెద్ద రాయి నుంచి పొడి దాకా అన్నీ ఉంటాయి కాబట్టి బిగుసుకుపోతుంది.

అసలు కష్టమంతా తొక్కించడంలోనే. ట్రాక్టర్ మొత్తం ఒకేసారి దింపేసి పైపైన మిషన్ తిప్పితే అడుగున వదులుగానే ఉండిపోద్ది. అందుకే గ్రావెల్ నాలుగేసి అంగుళాలు, వెట్ మిక్స్ మూడేసి, ఏ పొరకాపొర నీళ్ళు చల్లి ప్లేట్ వైబ్రేటర్ (అదురుతూ నేలని గట్టిపరిచే మిషన్) తిప్పించా. గ్రావెల్‌కి నీళ్ళెన్నంటే, గుప్పిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. మొదట్లో మిషన్ మెత్తగా దిగబడుతూ పోతుంది, పొర గట్టిపడేకొద్దీ ఎగిరెగిరి పడుతుంది, చప్పుడు కూడా మారిపోద్ది.

వాటం గోడ వైపు నుంచి వీధి కాలవ వైపుకి, అడుగుకి పావంగుళం. ఇరవై అడుగులకి ఐదంగుళాలు పడుతుంది, చూడ్డానికి అస్సలు తెలీదు. లెవెల్ ట్యూబుతో మార్కు పెట్టి దారాలు కట్టి, ఆ వాటం గ్రావెల్ పొర దగ్గర్నుంచే వచ్చేలా చేయించాం. చాలామంది ఎగుడుదిగుళ్ళన్నీ డస్ట్‌తో సర్దేస్తారు, ఒకచోట అంగుళం ఒకచోట మూడంగుళాలు పడుతుంది, మందమున్న చోట రేపు దిగిపోద్ది.

డస్ట్‌లో సిమెంట్ కలుపుదామని కూడా మేస్త్రీ అన్నాడు, వద్దన్నా. కింద నేల కదిలితే ఆ పలచటి పొర పగలడం ఖాయం, పైగా రేపు పైప్‌లైన్ కోసం బ్లాకులు ఎత్తాలంటే గడ్డపార పట్టుకోవాల్సిందే. దాని బదులు చుట్టూ అంచు రాళ్ళు కాంక్రీట్‌లో గట్టిగా నిలబెట్టించా, అవి లేకపోతే బ్లాకులు పక్కలకి జరుగుతాయి.

ఇక పరవడం ఎవరైనా చేస్తారు, అది తొందరగానే అయిపోయింది. సందుల్లోకి మాత్రం బాగా ఎండిన సన్న ఇసుకే ఊడవాలి, తడిదైతే పైనే ఆగిపోతుంది. వానలకి ఆ ఇసుక కాస్త దిగింది, మళ్ళీ ఊడ్పించాం. కారుకి 60 ఎంఎం చాలు, లోడు బండ్లు ఎక్కే చోటైతే 80 తీసుకోండి, కింద వెట్ మిక్స్ మందం కూడా పెంచుకోవాలి.