బ్యాచ్ వెనక్కి పంపమన్నప్పుడు: నా అనుభవం

తెనాలిలో మాది చిన్న మందుల షాపు. బీపీ, షుగర్ మాత్రలే ఎక్కువ పోతాయి. ఆ మధ్య మాకు సరుకు వేసే గుంటూరు స్టాకిస్టు నుంచి వాట్సాప్‌లో కంపెనీ లెటర్ వచ్చింది. టెల్మిసార్టాన్ 40 అనే బీపీ మాత్రల్లో ఒక బ్యాచ్ (ఒకే విడతలో తయారైన సరుకు) అమ్మకం ఆపి, ఉన్న సరుకు వెనక్కి పంపమని. మందులో లోపమేమీ లేదట. కొన్ని స్ట్రిప్పుల మీద ఎక్స్‌పైరీ తేదీ సరిగా పడలేదు. తీసి చూస్తే నిజమే, వేలితో రుద్దితే చెరిగిపోతోంది. అట్టపెట్టె మీద మాత్రం శుభ్రంగా ఉంది.

మూడో తరగతి రీకాల్, అంటే సరుకు వెనక్కి రప్పించడం, అని రాశారు. ప్రాణం మీదకొచ్చే లోపమైతే మొదటి తరగతి. 24 గంటల్లో మొదలుపెట్టి 72 గంటలు దాటకుండా సరుకు వెనక్కి లాగాలి. మూడో తరగతికి 30 రోజుల దాకా గడువుంటుంది. అందుకని కంగారు పడలేదు. అరలో ఉన్నవన్నీ ఒక డబ్బాలో వేసి, మార్కరుతో ‘అమ్మకానికి కాదు’ అని రాసి లోపలి గదిలో పెట్టాను. కౌంటర్ దగ్గరుంటే సాయంత్రం రద్దీలో మా కుర్రాడు తీసి ఇచ్చేస్తాడు.

షాపుల్లో ఉన్న సరుకు వరకే కంపెనీ అడిగింది. కానీ తేదీ చెరిగిన స్ట్రిప్పు ఇంట్లో డబ్బాలో పడి ఉంటే ఏడాది తర్వాత ఎవరికి తెలుస్తుంది? కంప్యూటర్లో బ్యాచ్ నంబరు కొట్టి, నెలనెలా వచ్చేవాళ్లకు ఫోన్లు చేశాను.

‘‘ఏమయ్యా, పొద్దున వేసుకున్న మాత్ర కూడా కక్కాలా?’’ అన్నారు ఒక రిటైర్డ్ మాస్టారు.

‘‘అక్కర్లేదు మాస్టారూ, మందు మంచిదే. మార్చి ఇచ్చేదాకా అదే వేసుకోండి.’’

ఇంకో పెద్దావిడ పక్కింటివాళ్ల మాట విని అప్పటికే మాత్ర మానేసింది. తేదీ కనపడకపోవడం కన్నా బీపీ మాత్ర మానేయడమే ప్రమాదం. వెంటనే కొత్త స్ట్రిప్పు ఇచ్చి కుర్రాణ్ణి పంపాను.

అసలు చిక్కంతా కత్తిరించిన స్ట్రిప్పులతోనే. నాలుగు మాత్రలు, అయిదు మాత్రలు అని అడిగేవాళ్లు మా దగ్గర ఎక్కువ. బ్యాచ్, తేదీ ఉన్న కొసను మా దగ్గర ఉంచుకుని రెండో కొస నుంచి కత్తిరించి ఇస్తాం. షాపులో మిగిలినదానికి అదే సరైన పద్ధతి. కొన్నవాళ్ల చేతికి మాత్రం పేరు కూడా సగమే ఉన్న ముక్క వెళ్తుంది. బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉంటుంది గానీ, ‘‘బిల్లెందుకులే బాబూ’’ అని వదిలేసి పోతారు. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు, స్కాన్ చేస్తే బ్యాచ్, తేదీ వస్తాయి. మాకొచ్చిన ఈ బ్రాండ్ ఆ జాబితాలో లేదు. ఉన్నా, ముక్క మీద కోడ్ ఉండొద్దూ!

తెచ్చినవాళ్ల ముక్కలన్నీ బిల్లులతో సరిచూసి మార్చి ఇచ్చాను. బిల్లు దొరకనివాళ్లవి నమ్మకం మీద తీసుకున్నాను. డబ్బా పంపిన చాలా రోజులకు, ఆ సరుకు డబ్బు మా ఖాతాలో జమ చేసినట్టు క్రెడిట్ నోట్ వచ్చింది. పూర్తి స్ట్రిప్పులకే లెక్క కట్టారు. ముక్కల సంగతేమిటని సేల్స్‌మన్‌ని అడిగితే, ‘‘బ్యాచ్ కనపడనిది కంపెనీ తీసుకోదన్నా’’ అన్నాడు. ఆ డబ్బు నేనే భరించాను. ఇప్పుడు ముక్క ఇచ్చినప్పుడల్లా కవరు మీద పెన్నుతో బ్యాచ్, తేదీ రాసి ఇస్తున్నాం. రద్దీ వేళ మా కుర్రాడు విసుక్కుంటూనే రాస్తాడు.