ముప్ఫై నాలుగు పళ్ల చక్రం

ఆదివారం. ఆషాఢపు ముసురు.

నిన్న భీమిలి రోడ్డులో వానకు తడిసిన సైకిల్‌ను ఈ ఉదయం బాల్కనీలో స్టాండుకు ఎక్కించి, కాఫీ కంటే ముందు చైన్ కొలిచాను. సముద్రానికి ఇంత దగ్గరగా కాపురముంటున్న వాళ్లకు చైన్ సంగతి కాస్త వేరుగా ఉంటుంది. హైదరాబాదులోని మా తమ్ముడు నెలకోసారి నూనె పూసి నిశ్చింతగా ఉంటాడు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మాకు ఆ సుఖం లేదు. ఉప్పు గాలి, బీచ్ రోడ్డు మీద ఎగిరే సన్నని ఇసుక, పైనుంచి వాన, ఈ మూడూ కలిస్తే చైన్ లింకుల మధ్య నల్లని ముద్ద తయారవుతుంది. అది నూనెలా కనిపిస్తుంది గానీ, వేళ్ల మధ్య నలిపి చూస్తే గరగరలాడుతుంది. ఆ గరగరే పిన్నులను తినేస్తుంది.

చైన్ సాగిందని అందరం అంటాం గానీ, నిజానికి ఇనుము సాగదు. పిన్నులూ, అవి తిరిగే లోపలి అంచులూ అరిగి, పిన్నుకూ పిన్నుకూ మధ్య ఉండాల్సిన అరంగుళం దూరం వెంట్రుకవాసి పెరుగుతుంది. కొత్త చైన్‌లో ఇరవై నాలుగు అరంగుళాలు స్టీలు స్కేలు మీద సరిగ్గా 12 అంగుళాలకు వస్తాయి. ఆ చివరి పిన్ను మధ్య భాగం గీతను దాటి అంగుళంలో పదహారో వంతు ముందుకు పోతే, అరుగుదల అర శాతమైందన్నమాట. నా సైకిల్ వంటి పదకొండు స్పీడ్ల వాటికి, అంటే వెనక పదకొండు పళ్ల చక్రాలుండే వాటికి, మార్చవలసిన సమయం అదే. బద్ధకించి ఇంకా తొక్కితే, పెరిగిన దూరానికి తగ్గట్టుగా వెనక పళ్ల చక్రాలు కూడా అరగడం మొదలుపెడతాయి, అప్పుడు చైన్ ఖర్చుతో పోయేది క్యాసెట్, అంటే ఆ పళ్ల చక్రాల గుత్తి మొత్తం, ఖర్చు దాకా వస్తుంది. నా స్కేలు మీద పిన్ను గీతను దాటి పదహారో వంతుకు ఒక్క పిసరు అటుగా నిలిచింది. సరే, ముహూర్తం కుదిరిందనుకున్నాను, ఎందుకంటే నెల క్రితమే తెప్పించిన, అన్నిటికంటే పెద్ద చక్రానికి 34 పళ్లుండే క్యాసెట్ అట్టపెట్టె విప్పకుండా అలమరలో ఉంది.

దాన్ని తెప్పించడానికి కారణం అరకు. ఈ శీతకాలంలో శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు మీదుగా సైకిల్‌పై అరకు చేరాలని నా కోరిక. లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, దారిలో గాలికొండ దగ్గర అంతకంటే పైకి ఎక్కి మళ్లీ దిగాలి. ఎక్కుడు ఒక్కసారిగా నిలువుగా ఉండదు గానీ వదలదు, వంపు తర్వాత వంపు, గంటలకొద్దీ. ఇప్పటిదాకా నా సైకిల్‌కు ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనక పెద్దది 28. అంటే అతి తేలిక గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 1.21 చుట్లు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు కనుక సైకిల్ రెండున్నర మీటర్లు ముందుకు పోతుంది. వెనక కూడా 34 పెడితే చుట్టుకు చుట్టే, 2.1 మీటర్లు. కొండ మీద గంటకు 9 కిలోమీటర్ల చొప్పున పోతున్నప్పుడు మొదటి గేరులో నిమిషానికి 59 చుట్లు తొక్కాల్సి వస్తే, రెండోదానిలో 71 తొక్కవచ్చు. చేసే పని అంతే, ఊపిరి ఖర్చూ ఇంచుమించు అంతే, కానీ ఒక్కో తొక్కుకు కాలు పెట్టే బలం ఆరో వంతుకు పైగా తగ్గుతుంది. నలభై ఏడేళ్ల మోకాళ్లకు ఆ ఆరో వంతు చాలా పెద్ద మాట.

మా బృందంలో ఒక మిత్రుడు ఆ డబ్బేదో దాచుకుని తేలికైన కార్బన్ చక్రాలు కొనుక్కోమని నెల రోజులుగా పోరుతున్నాడు. ఆయన చక్రాలు చూడముచ్చటగా ఉంటాయి, మలుపులో వినిపించే ఆ బోలు చప్పుడు నాకూ ఇష్టమే. కానీ నిటారు కొండ మీద శ్రమలో అధిక భాగం బరువును పైకి మోయడానికే పోతుంది గనుక, నేనూ సైకిలూ నీళ్ల సీసాలూ కలిపి 85 కిలోలైతే, ఒక కిలో తగ్గించినందువల్ల నాకు మిగిలేది నూటికి 1.2 వంతు. ఇరవై నిమిషాల ఎక్కుడులో పద్నాలుగు సెకన్లు. ఆ పద్నాలుగు సెకన్లకు పెట్టే డబ్బుతో నేను చైన్లూ టైర్లూ బ్రేకు ప్యాడ్లూ కొన్నేళ్లకు సరిపడా కొనుక్కోగలను, పైగా ఆ కిలో నా నడుము చుట్టే ఉందని డాక్టరుగారు వేరే చెప్పారు. అభిరుచి కోసం తొక్కేవాడు తన కాలికి సరిపడే గేరు ముందు కొనుక్కోవాలి, తేలిక సామాను తర్వాత. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

పెద్ద చక్రం పెట్టుకోవడమంటే మనవాళ్లలో ఒక చిన్నతనం ఉంది. కొండ మీద అలా చిన్న గేరు, అంటే తేలిక గేరు, వేసినవాణ్ణి చూసి నవ్వడం కొత్తేమీ కాదు. టూర్ డి ఫ్రాన్స్ పందేన్ని 1903లో ఆరంభించిన ఆన్రీ దెగ్రాంజ్ గేర్లు మార్చుకోవడం నలభై అయిదేళ్లు దాటినవాళ్ల వ్యవహారమని తీర్మానించాడు, ఆ పందెంలో చైన్‌ను ఒక పళ్ల చక్రం మీంచి మరోదాని మీదికి జరిపే డీరెయిలర్లను 1937 దాకా అనుమతించలేదు. ఆయన లెక్క ప్రకారం నాకు రెండేళ్ల క్రితమే అర్హత వచ్చింది, ఇంకా మొహమాటమెందుకు?

అయితే క్యాసెట్ ఒక్కటి మారిస్తే పని అయిపోదు. నా షిమానో 105 గేర్ల సెట్‌లో వెనక డీరెయిలర్ పొట్టి పంజరం రకం (చైన్‌ను బిగువుగా పట్టే రెండు గిలకల చట్రమే పంజరం), కంపెనీ లెక్కలో 30 పళ్ల దాకానే దానికి అనుమతి. 34 కావాలంటే పంజరం పొడుగ్గా ఉండే రకమే వేయాలి. పొట్టిదానితోనే ఎలాగో సర్దుకుపోయామని చెప్పేవాళ్లున్నారు, సర్దుకుపోతుంది కూడా, కానీ ముందు పెద్ద చక్రం మీద, వెనక పెద్ద చక్రం మీద పొరపాటున ఒకేసారి చైన్ పడిన రోజున ఏమి విరుగుతుందో చూడాలన్న కుతూహలం అనంతగిరి ఘాటులో నాకు లేదు. కనుక క్యాసెట్, చైన్, డీరెయిలర్ మూడూ కలిపే కొన్నాను.

పాత క్యాసెట్ ఊడదీసే పని నాకు ఎప్పుడూ ఇష్టం. చైన్ ముక్క తగిలించిన పిడి, అంటే చైన్ విప్‌తో పళ్ల చక్రాన్ని పట్టి ఉంచి క్యాసెట్‌ను బిగించి ఉంచే లాక్‌రింగును తిప్పితే, పట్టు వదిలే క్షణంలో కటకటమని ఒక చప్పుడు వస్తుంది, మొదటిసారి విన్నవాళ్లు ఏదో విరిగిందని హడలిపోతారు. విరిగేదేమీ లేదు, లాక్‌రింగు అడుగున చెక్కిన గాడులు ఒకదాన్నొకటి వదులుతున్నాయంతే. క్యాసెట్ తీసేశాక చక్రం ఖాళీగా తిప్పి చూస్తే రిమ్ము ఎడమ బ్రేకు ప్యాడ్ వైపు ఒకచోట వంగినట్టు కనిపించింది. క్యాసెట్ అడ్డం లేనప్పుడే స్పోకులు సరిచేయడం సులువు గనుక, చక్రాన్ని సంచిలో వేసుకుని మా వీధి మొగలో ఉన్న సైకిల్ షాపుకు నడిచాను.

ఆ షాపు ముసలాయనకు క్యాసెట్లూ కార్బన్లూ అక్కర్లేదు, కానీ బెండు తీయడంలో ఆయన చేతికి సాటి చెయ్యి నేను చూడలేదు. స్పోకులను రెండేసి చొప్పున వేళ్లతో నొక్కుతూ చక్రమంతా చుట్టివచ్చి, చప్పుడు మందంగా పలికిన చోట ఆగి, కీతో పావు చుట్టు బిగించాడు. ఎదుటి వైపు స్పోకును అంతకంటే కాస్త తక్కువ వదులు చేశాడు. గేజీ లేదు, ఏదీ లేదు, ఫోర్కుకు ఆనించిన బొటనవేలి గోరే ఆయన కొలబద్ద. గోటికీ రిమ్ముకూ మధ్య వెలుతురు చుట్టంతా ఒకే మందాన కనపడే దాకా తిప్పుతూనే ఉన్నాడు. నా చేతిలోని కొత్త క్యాసెట్ చూసి, “ఏటి బాబూ, తాంబాళమంత చక్రం తెచ్చినారు, దీంతో ఏటి సేస్తారు?” అన్నాడు.

“అరకు ఎక్కుదామని, బాబాయ్.”

“అరకుకి రైలుంది కదా,” అని ఆయన మళ్లీ స్పోకుల్లో పడ్డాడు. రైలు ఉన్నమాట నిజమే.

ఇంటికి వచ్చి కొత్త క్యాసెట్ ఎక్కించేటప్పుడు మరవకూడనిది ఒకటుంది. ఈ 11-34 క్యాసెట్ (చిన్న చక్రానికి 11 పళ్లు, పెద్దదానికి 34) పాత పది స్పీడ్ల హబ్, అంటే చక్రం నడిమి భాగం, మీద కూడా కూర్చునేలా తయారైంది, అందువల్ల పదకొండు స్పీడ్ల రోడ్డు హబ్ మీద బిగించేటప్పుడు వెనకగా 1.85 మిల్లీమీటర్ల పలుచని రింగు ఒకటి వేయాలి. అది పెట్టెలోనే, అడుగున, చెత్త కాగితంలా చుట్టి ఉంటుంది. వేయకపోతే లాక్‌రింగు ఎంత బిగించినా చక్రాలు గలగలలాడుతూనే ఉంటాయి. బిగింపు బలం కొలిచే టార్క్ రెంచిని 40 న్యూటన్ మీటర్ల దగ్గర పెట్టి బిగించాను. తర్వాత డీరెయిలర్. ఆ తర్వాత చైన్ పొడుగు: డీరెయిలర్‌లోకి ఎక్కించకుండా ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం చుట్టూ చైన్ చుట్టి, కలిసిన చోటు నుంచి రెండు లింకులు ఎక్కువగా వదిలి తెంపాలి. పాత చైన్ పక్కన పెట్టి సమానంగా తెంపితే పొట్టిదైపోతుంది, ఎందుకంటే పెరిగిన ఆరు పళ్లకూ అదనంగా చుట్టుకోవడానికి చైన్ కావాలి. చివరగా, పై గిలక పెద్ద చక్రానికి రాసుకోకుండా వాటి మధ్య ఎడం సర్దే బీ-స్క్రూ కొంచెం లోపలికి తిప్పాను. పాత నూనె కడగడానికి ఒకప్పుడు కిరోసిన్ ఉండేది, ఇప్పుడది దొరకడం గగనమైపోయింది, డీజిల్‌తోనే కానిచ్చాను. బాల్కనీ వాసన గురించి ఇంట్లో వచ్చిన వ్యాఖ్యలు ఇక్కడ రాయను.

నాలుగింటికి వాన తెరిపి ఇచ్చింది. కైలాసగిరి ఘాటు తడిగానే ఉంది గానీ బండ్లు తక్కువ. మొదటి వంపు దాకా పాత అలవాటు చొప్పున బిగబట్టి తొక్కి, రెండో వంపులో 34 వేశాను. కాలి కింద రోడ్డు ఒక్కసారిగా మెత్తబడినట్టయింది. పిక్కల్లో మంట లేదు, గుండె మాత్రం వేగంగానే కొట్టుకుంటోంది. ఇదే కావలసింది, కండ మోసే భారాన్ని కొంత గుండెకూ ఊపిరికీ బదిలీ చేయడం, ఎందుకంటే ఊపిరి ఒక నిమిషంలో తేరుకుంటుంది, అలసిన తొడ ఆ రోజుకు తేరుకోదు. 30 పళ్ల చక్రం మీద మాత్రం టిక్కుటిక్కుమని చిన్న చప్పుడు. పైకి చేరాక కేబుల్ బిగువు సర్దే బ్యారెల్‌ను పావు చుట్టు తిప్పితే సర్దుకుంది. కొత్త కేబుల్ మొదటి వారంలో కాస్త వదులవుతుంది, మరోసారి చూడాలి.

దిగివచ్చి అటునుంచే రుషికొండ దాకా పోయాను, శిక్షణ పుస్తకంలో ఈ రోజుకు రాసుకున్నది అదే: గంటన్నర, నింపాదిగా. ఈ నింపాది తొక్కుడే నాకు అన్నిటికంటే కష్టం. పక్కవాడితో పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగినంత వేగం దాటకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు నేను ఆటవెలది ఒకటి పైకి చదువుకుంటాను, పాదం మధ్యలో ఊపిరి అందకపోతే వేగం తగ్గించాలని లెక్క. ఎవరైనా దాటిపోతే పద్యం ఆపి వెంటపడాలనిపిస్తుంది. డిసెంబరులో 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే పందెం కాకుండా గడువులోగా పూర్తిచేయాల్సిన దూర ప్రయాణం, ఒకటి చేయాలనుకుంటున్నాను. దానికి 13 గంటల 30 నిమిషాల గడువు. సగటున గంటకు 15 కిలోమీటర్లు కూడా కాదు, కానీ టీలూ పంచర్లూ భోజనమూ అన్నీ ఆ గడువులోనే. అలాంటి రోజుకు పనికివచ్చేది ఈ విసుగు పుట్టించే గంటన్నరలే గానీ, వారానికోసారి నాలుక బయటపెట్టి తొక్కే పందేలు కావు.

ఈ కాలంలో నైరుతి గాలి పోయేటప్పుడు వీపు తట్టి సాగనంపుతుంది, వచ్చేటప్పుడు ఎదురుగా నిలబడి నిలదీస్తుంది. ఆ ఎదురుగాలిలోనే కొత్త క్యాసెట్ లోపం తెలిసింది. పాతదానిలో 11, 12, 13, 14, 15 వరుసగా ఒక్కొక్క పన్ను తేడాతో ఉండేవి. దీనిలో 11 తర్వాత 13, ఆ తర్వాత 15. తిరుగుదారిలో నాకు కావలసింది సరిగ్గా 14, అది లేదు. 13 వేస్తే బరువు, 15 వేస్తే కాళ్లు ఊరికే తిరుగుతున్నట్టు. కొండకు ఇచ్చిన వరానికి సముద్రం దగ్గర చెల్లించిన మూల్యమిది. మార్చి దాకా భరిస్తాను.

పాత క్యాసెట్ పళ్లు ఇంకా బాగానే ఉన్నాయి, చైన్ సకాలంలో మార్చినందువల్ల. కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, తీసిన తేదీ రాసిన కాగితంతో సహా డబ్బాలో పెట్టాను. వేసవిలో అరకు ముచ్చట తీరిపోయాక భీమిలి గాలికి మళ్లీ అదే ఎక్కుతుంది, డీరెయిలర్ మార్చనక్కర్లేదు, చైన్ కూడా ఇదే సరిపోతుంది. వెనక టైరు నడుమ చదునుదేలుతోంది, అక్టోబరు లోపల 25 మిల్లీమీటర్ల వెడల్పుది తీసేసి 28 మిల్లీమీటర్లది వేయాలి. హ్యాండిల్ టేపు చెమటకు జిగురొదిలి జారుతోంది, కానీ వానలు ఆగే దాకా దాని జోలికి పోను.