పనస చెక్కతో నేను చేసుకున్న యుకులేలే

గిటార్ లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం యుకులేలే. దాని పక్క గోడకి నడుము దగ్గర వంపు తిప్పబోతే బద్ద ఫట్‌మని విరిగింది. అది రెండోది. 2 మిల్లీమీటర్ల పలచటి పనస బద్దను అరగంట నానబెట్టి, కాలిన ఇనప గొట్టానికి ఆనించి వంచుతున్నాను. చెక్క తెచ్చుకున్న టింబర్ డిపోలో వడ్రంగికి విరిగిన ముక్కలు చూపించాను. "బలం పెట్టకు బాబూ. గొట్టం మీదే ఉంచు, అదే మెత్తబడుద్ది" అన్నాడాయన. మూడోదాన్ని 1.7 మిల్లీమీటర్ల దాకా చిత్రిక పట్టి, తడి చేస్తూ ఆగాను. ఒక్కసారిగా చెక్క బిగువు వదిలి గొట్టం చుట్టూ వాలిపోయింది. ఆ క్షణం అరచేతికి తెలుస్తుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

కొనుక్కున్న యుకులేలేని రెండేళ్లుగా వాయిస్తూ, సొంతంగా ఒకటి చెయ్యాలని మొదలుపెట్టాను. పనసే ఎందుకంటే, బొబ్బిలి వీణ ఆ చెక్కతోనే చేస్తారు. 1879 ఆగస్టు 23న పోర్చుగీసు వాళ్ల మదీరా దీవి నుంచి ఓడలో హవాయిలోని హొనలులు చేరిన ముగ్గురు వడ్రంగులు, నూనెస్, డియాస్, శాంటో, తమ ఊరి చిన్న వాయిద్యాన్ని అక్కడ దొరికే కోవా చెక్కతో చెయ్యబట్టే యుకులేలే పుట్టింది. మనకు దగ్గరలో దొరికేది పనస.

మెట్లంటే తీగను నొక్కడానికి మెడ మీద అడ్డంగా ఉండే గట్లు. వాటి లెక్క ఒక సాయంత్రమంతా పట్టింది. తీగ పొడవు 381 మిల్లీమీటర్లు. దాన్ని మెట్ల లెక్కకి వాడే 17.817 అనే అంకెతో భాగిస్తే 21.38, తీగ పైకొస నుంచి అంత దూరంలో మొదటి మెట్టు. మిగిలిన పొడవును మళ్లీ అంతతోనే భాగిస్తే రెండోది. అలా పోతే పన్నెండోది 190.5 దగ్గర, సరిగ్గా సగంలో వచ్చి నిలుస్తుంది. వీణకు మేళం కట్టేవాళ్లు మైనంలో మెట్లు అమర్చి చెవితో సరిదిద్దుతారు. ఇక్కడ రంపం గాటు పడ్డాక దిద్దుబాటు లేదు, అందుకే ఒక్కో గీతను మూడుసార్లు కొలిచాను.

పై పలకను చిత్రిక పడుతూ వేలితో తట్టి వినేవాణ్ణి. 3 మిల్లీమీటర్లప్పుడు 'టక్' అనేది, 2 దగ్గరికి వచ్చేసరికి 'ఢుమ్' అంటూ కాసేపు మోగింది. లోపలి అంచు బద్దలకు బట్టల క్లిప్పులు, పలకలు అతికేటప్పుడు కోసిన సైకిల్ ట్యూబు బిగింపుకి చాలాయి. పై పలక మీద తీగలు ఆనే గుర్రాన్ని మాత్రం లెక్కకన్నా 2 మిల్లీమీటర్లు వెనక్కి పెట్టాను, తీగ నొక్కినప్పుడు సాగి శ్రుతి పెరుగుతుంది కాబట్టి.

నాలుగు తీగల శ్రుతులు జీ, సీ, ఈ, ఏ. గడ్డం వైపున్న జీ తీగ పక్కనున్న సీ కన్నా పై శ్రుతిలో ఉంటుంది, యుకులేలేకి ఆ గలగల అక్కణ్ణుంచే వస్తుంది. ఏ తీగ మీద మూడో మెట్టు ఒక్క వేలితో నొక్కి నాలుగూ మీటితే సీ కార్డ్, అంటే కలిసి మోగే స్వరాల గుంపు. మొదటిసారి మీటినప్పుడు పొట్టకి ఆనించిన వెనక పలక కూడా అదిరింది. కొన్నదాంట్లో నాకెప్పుడూ అది తెలియలేదు.

కొత్త నైలాన్ తీగలు సాగుతూనే ఉంటాయి. మూడు రోజులు పావుగంటకోసారి తీగలు బిగించే బిరడలు తిప్పాను. నాలుగో రోజు పొద్దున గోడ మీంచి తీసి మీటితే, రాత్రి పెట్టిన శ్రుతి అలాగే ఉంది.